ఎండుకట్టె చరిత్రము

రాజులు యుద్ధములు చేసిన తెఱఁగును, కోటలు కట్టించిన తెఱఁగును చరిత్రకారులు విపులముగా వ్రాసియున్నారు. ఆ కోటలలో శీతకాలపు రాత్రి యెవరు చలి కాఁచుకొనిరి, ఆ నిప్పులోనికి కట్టె లెక్కడినుండి వచ్చెను, అవి యెన్నినెల లెండెను అను ప్రశ్నలను మాత్రము వారు సామాన్యముగా నడుగరు. ఇది పెరటిలోని చిన్న విషయమనియు, చరిత్రమున దీనికి చోటు లేదనియు కొంద ఱనవచ్చును. మాకట్లు తోఁపలేదు. ఏఁట నైదాఱు నెలలు మంచు కురియు దేశములలో నిప్పులేని యిల్లు చావునకు వాకిలి. అట్టి చోట్ల కట్టెల దొంతి ధాన్యపు గాదెతో సమానమైన యాస్తి. ఆ దొంతి యెవరికి గలదో, యెవరికి లేదో విచారించితిమేని ఆ సంఘముయొక్క ధర్మాధర్మములు కొంతవఱకు బయటపడును.

కట్టె యెండుటకు కావలసినవి రెండే: కాలము, చోటు. ఈ రెండును డబ్బులేనివానికి దొరకవు. ధనవంతుఁడు ఈ యేఁటి కట్టెలను నిరుడే కొని పేర్చుకొనును. పేదవాఁ డే పూటకాపూట మోపు కొనుక్కొని, అది పచ్చిదైనను తడిదైనను పొయ్యిలో బెట్టును. ఇద్దఱును కాల్చునది కట్టెయే. ఒకనికి వేఁడి దక్కును, ఒకనికి పొగ మిగులును. ఈ భేదము శతాబ్దులుగా నెట్లు నడచినదో, దానిని మాన్పుటకు ఎవరెవ రేయే యత్నములు చేసిరో, అందులో మన కేమి పాఠము గలదో యీ వ్యాసమున విచారింతుము.

ముందుగా విషయముయొక్క స్వభావమును దెలిసికొందము. అప్పుడే నఱకిన మ్రానులో దాదాపు సగముపాలు నీరే. 100 కిలోల పచ్చికట్టెను తూఁచి కొన్నవాఁడు ఇంచుమించు 50 కిలోల నీటిని కట్టె వెలకు కొన్నవాఁ డగుచున్నాఁడు. గాలికి చక్కగా నెండిన కట్టెలో నూటికి 15 మొదలు 20 పాళ్ల నీరు మాత్రమే మిగులును. ఒక కిలో నీటిని ఆవిరిగా మార్చుటకు 600 కిలోకేలరీలకు మించిన వేఁడి వ్యయమగును. ఆ వేఁడి గదిని వెచ్చచేయక ఆవిరితోఁ గూడ పైకి బోవును.

అయినను అసలు నష్టమిది కాదు. కట్టెకు వేఁడి తగులఁగానే దానినుండి వాయువులు వెలువడును. మనము మంట యని చెప్పునది చాలవఱకు ఆ వాయువులు కాలుటయే. పొయ్యి తగినంత వేఁడిగా నున్నచో అవి పూర్తిగా కాలి కాంతియు వేఁడియు నిచ్చును. తడికట్టెలోని యావిరి పొయ్యిని చల్లార్చుటచే నవి కాలకయే పొగయై లేచిపోవును. కావున పొగ యనునది కాలని కట్టెయే. ఇంటిలోనివారి కన్నులలోనికిని ఊపిరితిత్తులలోనికిని బోవునది వారు వెలపెట్టి కొన్న వేఁడియే యని చెప్పవచ్చును. పొగగొట్టము గల యిండ్లలో నది గొట్టపు లోపలిగోడలకు జిగటగా నంటి, కొన్నాళ్లకు తానే రాఁజుకొని యిల్లు తగులఁబెట్టుటయుఁ గలదు.

కట్టె నెండఁబెట్టుట మన మనుకొనునంత సులభమైన పనికాదు. మ్రానుయొక్క చెమ్మ బెరడుగుండ మిక్కిలి మెల్లఁగా వెలువడును; కోసిన కొనలగుండను చీల్చిన ముఖములగుండను త్వరగా వెలువడును. అందుచేత దుంగను పొట్టిగా కోసి, నిలువునఁ జీల్చవలెను. నేలచెమ్మ యంటకుండ క్రింద రెండు వాసములు పఱచి, గాలివీచు దిక్కునకు ముఖముగా పేర్చి, పైన మాత్రము కప్పువేసి, ప్రక్కలు తెఱచియుంచవలెను. వాన తడుపునను భయముచే నలువైపుల గుడ్డకప్పినవాఁడు కట్టెను ఎండనీయఁడు, పుచ్చనిచ్చును. నార్వే స్వీడను దేశములవారు చలి పూర్తిగా వీడకముందే భూర్జవృక్షములను నఱకి, వసంతకాలమున చీల్చి పేర్చి, ఆ వేసవి గాలికి ఆఱనిచ్చి, ఆకురాలు కాలమునకు కొట్టములలోనికి చేర్తురు. ఓకు వంటి చేవగల మ్రాని కొక వేసవి చాలదు. రెండు వేసవులు కావలెను. ఎండిన కట్టెను గుర్తించుట సులభము. కొనలలో నెఱ్ఱెలు వాఱును; చేతికి తేలికయగును; రెండు ముక్కలు తట్టిన ఖణిల్లుమని మ్రోగును. పచ్చిది తట్టిన మొద్దుచప్పుడు చేయును.

దీనినిబట్టి ఒక కుటుంబమువారు ఎండుకట్టెను కాల్చవలెనన్న, కాల్చుటకు ఒకటి రెండేఁడులు ముందుగా సొమ్ము వెచ్చింపవలెను. ఆ యేఁడాది యంతయు దానిని పేర్చియుంచుటకు పెరడో కొట్టమో యుండవలెను. "దీపముండఁగానే యిల్లు చక్కఁబెట్టుకొమ్ము" అని మన పెద్దలు చెప్పుదురు. దీపమున్నవారికి ఆ మాట చక్కని బుద్ధి. దీపమే లేనివారికి అది యెత్తిపొడుపు.

పూర్వము పారిసు నగరమునకు కట్టెలు వచ్చిన విధమును జూతము. పదునాఱవ శతాబ్ది నాఁటికి ఆ నగరము చుట్టుపట్ల నడవులు తఱిగిపోయెను. నగరమా పెరుగుచుండెను, బండ్లపై దూరమునుండి కట్టెలు తెచ్చిన బండికూలియే కట్టెవెలను మించుచుండెను. అప్పుడు ఆగ్నేయమున నున్న మోర్వాను కొండల యడవులపై వర్తకుల చూపు పడెను. అచ్చట నఱకిన పొట్టిదుంగల కొనలమీఁద ప్రతివర్తకుఁడును సుత్తితోఁ దన ముద్ర గొట్టించి వాగులలో వేయించును. పైనఁ గట్టలు గట్టి నిలిపిన నీటిని ఒక్కమాఱుగా వదలుదురు. లక్షలకొలఁది దుంగలు ఆ వెల్లువలో దొర్లుచు క్యూరు, యోను నదులలోఁ బడును. క్లామ్సీ యను పట్టణమువద్ద వానిని ఒడ్డునకు లాగి, ముద్రలనుబట్టి వేఱుపఱచి, దొంతులుగా పేర్చి ఆఱనిచ్చి, పిదప తెప్పలుగాఁ గట్టుదురు. 70 మీటర్లకు మించిన పొడవుగల యా తెప్పలు యోను నదిమీఁదను సేను నదిమీఁదను పారిసునకు సాగిపోవును. ఈ పద్ధతి 1549వ సంవత్సరమున స్థిరపడినదని చెప్పుదురు; జాన్ రూవే యను వర్తకుని పేరు దానితోఁ జేరియున్నది. 19వ శతాబ్ది యుత్తరార్ధము వఱకును ఈ తెప్పలు నడచినవి; విడిదుంగలను వాగులలోఁ దేల్చుట 1920ల దశకము వఱకును గలదు.

ఆ తెప్పలను నడపినవారు దారిపొడవునఁ దడిసి, పారిసులో కట్టె నప్పగించి, కాలినడకను తిరిగి యిండ్లకు బోవుచుండిరి. తెప్ప తోఁకభాగమున వారితోఁ గూడ బాలురుకూడ నుండెడివారు. నగరమున ధనికుల గదులను వెచ్చచేసిన నిప్పునకు వెనుక నింతమంది తడిసిన కాళ్లున్నవి. ఇంకను ఒక విశేషము. నీటిలో వచ్చిన కట్టె కంటె బండిమీఁద గాని పడవమీఁద గాని పొడిగా వచ్చిన కట్టెయే మేలని పారిసువా రెంచుచుండిరి. దానికి వెలయు హెచ్చు. అనఁగా కట్టెల యంగడిలోఁ గూడ రెండు వర్ణము లేర్పడినవి. ఉన్నవానికి పొడికట్టె, లేనివానికి నీటకట్టె.

1709వ సంవత్సరము జనవరిలో ఐరోపాఖండమున పెనుచలి దిగెను. సేనునది గడ్డకట్టెను. నదిమీఁద వచ్చు కట్టెలును ధాన్యమును నిలిచిపోయెను. దొంతియున్నవారు తలుపులు మూసికొని కాలము గడపిరి. దినదినమును మోపు కొనుక్కొను వారికి కొనుటకు మోపే లేదు. పొలములలో విత్తిన పంటయు చలికి చచ్చుటచే కఱవు వెంబడించెను. ఆ యేఁడును మఱుసటి యేఁడును ఫ్రాన్సులో చలిచేతను ఆఁకలిచేతను వ్యాధులచేతను అధికముగా మృతినొందిన వారు దాదాపు 6 లక్షలని చరిత్రకారులు లెక్కగట్టియున్నారు. వీరినందఱను చలియే చంపెననుట సగము నిజము. నిలువలేనితనము మిగిలిన సగము.

మఱి పూర్వము పేదవా రెట్లు బ్రతికిరని చదువరు లడుగవచ్చును. ప్రకృతి వారికొక యుపాయము చూపెను. అడవిలో తానై యెండి రాలిన కొమ్మలు, చితుకులు, చచ్చి నిలిచిన మ్రానులు ఇవియన్నియు ఎవరి కొట్టములోను పేర్పనక్కఱలేకయే యెండిన కట్టెలు. కాలమును చోటును లేనివాని కొఱకు అడవియే యెండఁబెట్టి యుంచిన దొంతి యది. కావుననే రాలినకట్టె నేఱుకొను హక్కు ఐరోపాలోని పల్లెలకు పురాతనమైన హక్కు. ఇంగ్లాండులో మూఁడవ హెన్రీ రాజు కాలమున 1217లో వెలువడిన అడవి శాసనపత్రము రాజారణ్యములలో సామాన్యులకు గల యిట్టి పూర్వపు టనుభవములను కొంతవఱకు కాపాడెను.

కాలక్రమమున అడవులు సొంతయాస్తులయ్యెను, కలపవెల పెరిగెను, రాలినపుల్లకు సైత మొక యజమాని పుట్టెను. ప్రష్యా రాజ్యమున 1836లో న్యాయస్థానములలో నడచిన రెండులక్షల పైచిలుకు అభియోగములలో దాదాపు లక్షన్నర కట్టెదొంగతనమునకును తత్సంబంధమైన యడవి నేరములకును జెందినవే. రైను మండలపు సభలో రాలినకట్టె నేఱుటను సైతము దొంగతనముగా నెంచు శాసనముపై చర్చ జరుగఁగా, 1842లో కొలోను పట్టణపు పత్రికలో ఇరువదినాలుగేండ్ల యువకుఁ డొకఁడు దానిని ఖండించుచు వ్యాసములు ప్రకటించెను. ఆ యువకుఁడు కార్ల్ మార్క్సు. ఆర్థిక విషయములవంకకుఁ దన దృష్టి మొట్టమొదట మఱలినది యీ కట్టెల తగవు మూలముననే యని యతఁడు పిదప 1859లో వ్రాసికొనెను. ఆయన సిద్ధాంతములను అంగీకరించువా రంగీకరింతురు, నిరాకరించువారు నిరాకరింతురు. మనకిక్కడ ముఖ్యమైన దొక్కటే. రాలినకట్టెను నిషేధించుట యనఁగా పేదవానికి గల యేకైక ఎండుకట్టెను నిషేధించుట. వాఁడు చలికి తాళలేక రాత్రివేళ దొంగచాటుగా నిలిచియున్న పచ్చిమ్రానును నఱకును. అడవిని కాపాడఁబూనిన శాసనమే అడవికి గొడ్డలి తెచ్చును. దొంగిలించిన యా కట్టెయైనను పొగయే యిచ్చును.

ఇంతకు పూర్వమే వేఱొక మార్గమున నాలోచించిన వారును గలరు. అడవి తఱుగుచున్నదన్న భీతి కలిగినప్పుడు కాపలావాండ్రను పెంచుట యొక పద్ధతి. పొయ్యిని బాగుచేయుట మఱియొక పద్ధతి. సాక్సనీ రాజ్యమున గనుల యధికారి యగు హాన్సు కార్ల్ ఫాన్ కార్లోవిట్సు 1713లో అడవిపెంపకముపై నొక గొప్ప గ్రంథమును ప్రకటించి, పెరిగినంత మేరకే నఱకవలెనను సూత్రమును ప్రతిపాదించెను. స్వీడను దేశమున 1767లో రాజ్యసభవారు కార్ల్ యోహాన్ క్రోన్‌స్టెట్, ఫాబియన్ వ్రేదె అను నిరువురికి తక్కువకట్టెతో నెక్కువ వేఁడినిచ్చు పొయ్యిని కనుగొనుఁడని పని యొప్పగించిరి. వారు పొగను తిన్నగా పైకి బోనీయక, పెంకులతోఁ గట్టిన యెత్తైన పొయ్యిలోపల క్రిందికిని మీఁదికిని పలుమాఱులు త్రిప్పిరి. వేఁడియంతయు ఇటుకలలో నింకి, మంట చల్లారిన పిమ్మటను గంటలతరబడి గదిని వెచ్చగా నుంచును. ఉదయ మొకమాఱు, సాయంకాల మొకమాఱు మంట వేసిన చాలును. ఒక దేశప్రభుత్వము ఇంటిలోని పొయ్యిని రాజ్యకార్యముగా నెంచుట మాకు మిక్కిలి శ్లాఘ్యముగాఁ దోఁచుచున్నది.

ఇంచుమించు ఆ కాలముననే అమెరికాలో పుట్టి బవేరియా రాజ్యమునఁ గొలువుచేసిన బెంజమిన్ థామ్సను, అనఁగా రమ్‌ఫర్డు ప్రభువు, 1790వ సంవత్సరము జనవరి మొదటి దినమున మ్యూనిక్కు వీథులలోని బిచ్చగాండ్రను జేర్చి పనియింటికిఁ బంపి, వారికి వంటచేయు పొయ్యిలను మూసినపొయ్యిలుగా మార్చి కట్టెవ్యయమును మిక్కిలి తగ్గించెను. ఆ బిచ్చగాండ్రను నిర్బంధముగాఁ బట్టించిన పద్ధతి మెచ్చఁదగినది కాకపోవచ్చును. కాని బీదలకు పెట్టు గంజికి ఖర్చగు కట్టెను తూఁచి లెక్కించిన విద్వాంసుఁడు లోకమునకు క్రొత్త. విద్వాంసుఁడు వంటయింటిలోనికి వంగి చూచుట తన గౌరవమునకు లోపమని యతఁ డనుకొనలేదు.

ఐనను ఈ సంస్కారములన్నిటి కొక హద్దు గలదు. ఎంత నేర్పుగాఁ గట్టిన పొయ్యియైనను తడికట్టెను సహింపదు. పొగదారి వంకరలు హెచ్చినకొలఁది అందులో జిగట పేరుకొనుటయు హెచ్చును. పొయ్యిని ఒకనాఁటిలోఁ గట్టవచ్చును. కట్టె నొకనాఁటిలో నెండఁబెట్టలేము. మహానగరము లీ సత్యమును కష్టకాలమున నెఱిఁగినవి. రెండవ ప్రపంచయుద్ధానంతరమున బొగ్గు దొరకక బెర్లినువాసులు చలికి తాళలేక నగరమధ్యమునఁ గల టీర్‌గార్టెన్ అను నుద్యానవనమును నఱకివేసిరి. దాదాపు రెండులక్షల వృక్షములలో మిగిలినవి సుమారు 700. అప్పటికప్పుడు నఱకిన యా పచ్చికట్టె ఎంత వేఁడి నిచ్చియుండునో చదువరులే యూహింపఁగలరు. ఒక తరము నాటిన తోఁట ఆ పొయ్యిలలో సగము పొగయై పోయెను.

ఇఁక మన దేశమునకు వత్తము. తెలుఁగు మైదానములలో ఇండ్లను వెచ్చచేయు నవసరము తక్కువ. చలిరాత్రులందు వాకిట వేయు నెగడు, బాలింతరాలి గదిలోని కుంపటి, మన్యపు గూడెములలో నింటినడుమ రాత్రియంతయు నుండు నిప్పు, ఇవియే మన చలిమంటలు. ఇందులో బాలింతరాలి కుంపటిని గూర్చి యొకమాట చెప్పక తప్పదు. తలుపులు కిటికీలు మూసిన గదిలో బొగ్గుల నిప్పుంచుట ప్రమాదము. పొగ కనఁబడకున్నను, వాసన లేని విషవాయువొకటి దానినుండి వెలువడును. తల్లిని బిడ్డను వెచ్చగా నుంచుమని చెప్పిన పెద్దలు మంచియుద్దేశముతోనే చెప్పిరి. గాలి యాడనిమ్మని చెప్పుట మనవంతు.

కాని మన కట్టెలలో నధికభాగము వంటకే వ్యయమగుచు వచ్చెను. కావుననే దానికి వంటచెఱకని పేరు. ఎండుకట్టె నీతి యిక్కడను అదే. కలవారి లోఁగిళ్లలో వేసవిలోనే తుమ్మ, చింత, సరుగుడు కట్టెలను బండ్లతోఁ దోలించి, చీల్పించి, వాన తగులని పంచలోఁ బేర్పించెడివారు. కొన్ని పుల్లలను పొయ్యిపైనున్న అటుకమీఁద నుంచెడివారు. క్రిందిసెగకు అవి యెండుచుండెడివి. పూరింటి కంత చోటెక్కడిది? అచ్చటి యిల్లాలు కందికంప, పత్తికట్టె, పిడక, చెట్లక్రింది చితుకు ఇవి యేఱి తెచ్చుకొనును. ఆషాఢ శ్రావణములలో వానపట్టినప్పుడు అవియు నానిపోవును. అడితికిఁ బోయి మణుగు కట్టె కొన్నచో అందులో నీరెంత కట్టె యెంత యని యడుగు నధికార మామెకు లేదు. ఇంటికి వచ్చి గొట్టముతో నూఁది యూఁది, కన్నులెఱ్ఱవాఱ, చంకనున్న బిడ్డ దగ్గుచుండ, అన్నము వండును. పొగచూరిన కన్నులు మన యిండ్లలో ఎంత సామాన్యములైనవనఁగా, వానిని రోగమని యెవ్వరు ననుకొనరైరి.

అడవి చట్టములు ప్రష్యాలోవలెనే యిచ్చటను వచ్చినవి. 1882లో మద్రాసు అడవుల చట్టము పుట్టెను. రిజర్వు చేసిన యడవులలో పూర్వము ప్రజలు స్వేచ్ఛగా దెచ్చుకొను కట్టెకును మేఁతకును అనుమతులు, రుసుములు, జరిమానాలు ఏర్పడెను. పల్నాటిసీమలో పుల్లరి యను మేఁతపన్నుపై 1921లో ప్రజలు తిరుగఁబడిరి. ఆ యుద్యమమున నాయకుఁడైన కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో పోలీసుల తుపాకులకు బలియయ్యెను. ఆ యేఁడే యాగస్టులో మన్యమున అల్లూరి సీతారామరాజు నాయకత్వమున నారంభమైన తిరుగుబాటునకును అడవి నిర్బంధములు, వెట్టిచాకిరి, పోడుపై నిషేధము ముఖ్యకారణములు. ఈ పోరాటముల వీరగాథలను మనము చక్కగా జ్ఞాపకముంచుకొన్నాము. కాని నెత్తిపై చితుకులమోపుతో దిగివచ్చుచు కాపలావానికి జడిసి దారితప్పించుకొన్న స్త్రీల కథను వ్రాయుట మఱచితిమి. అడవులపై నాధారపడినవారి హక్కులను గుర్తించు చట్టము స్వతంత్రభారతమున 2006లో గాని రాలేదు.

పొయ్యి సంస్కారమున మాత్రము తెలుఁగుదేశమునకు ఒక గౌరవస్థానము గలదు. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయమున నుండిన డాక్టరు ఎస్. పి. రాజు పొగలేని పొయ్యి నొకదానిని నిర్మించి, కోట్లాది ప్రజలకు పొగలేని వంటయిండ్లు కావలెనను నాశయముతో 1953లో నొక గ్రంథమును ప్రకటించెను. వార్ధాలోని మగన్‌వాడిలో రూపొందిన మగన్ చూలాయు ఈ కోవలోనిదే. మట్టితోనే కట్టదగిన యీ పొయ్యిలో ఒక్కనిప్పుమీఁదనే రెండుమూఁడు కుండలు కాఁగును. పొగ గొట్టముగుండ వెలుపలికిఁ బోవును. 1980ల దశకమున కేంద్రప్రభుత్వమువారు మెఱుగుపఱచిన పొయ్యిల పథకమును దేశమంతట నారంభించిరి. 2002లో నది ముగియునప్పటికి మూఁడుకోట్లకు పైగా పొయ్యిలు కట్టఁబడెను. అయినను వానిలో ననేకము కొలఁదికాలములోనే మూలఁబడెను. గొట్టములు మసితోఁ బూడినవి, పగిలినవి, బాగుచేయువారు లేరైరి. కొలతలు గీచినవారు వంటచేయువారిని సంప్రదింపకపోవుట యొక కారణము. తడికట్టెను గూర్చి తగినంత యోచింపకపోవుట మఱియొక కారణమని మా యభిప్రాయము. పొయ్యిని ఉచితముగా నిచ్చిరి గాని, కట్టె నెండఁబెట్టుకొనుటకు ఒక రేకుపంచను ఇచ్చినవారెవరు?

ఆపిమ్మట కట్టెను వదలించు మార్గము ప్రబలెను. 1999లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వమువారు దీపమను పథకముచే పేదస్త్రీలకు వంటగ్యాసు నిచ్చుట కారంభించిరి. 2016 మే మొదటితేదీన కేంద్రప్రభుత్వపు ఉజ్జ్వల పథక మారంభమయ్యెను. దానిచే నిచ్చిన కనెక్షన్లు 10 కోట్లకు మించినవి. ఇది గొప్పకార్యము, సందేహము లేదు. ఐనను 2019–21 నాఁటి జాతీయ కుటుంబారోగ్య సర్వేలో శుభ్రమైన యింధనముతో వండు కుటుంబములు దేశమున నూటికి 58.6 మాత్రమే. బండ ఖాళీయైనప్పుడు సొమ్ములేక మఱల చితుకులకుఁ బోవువారు ఈ లెక్కలో నెందఱు చేరిరో చెప్పఁజాలము. ఇంటిలోని పొగచే ప్రపంచమున 2020లో 32 లక్షలమంది యకాలమరణము నొందిరని ప్రపంచారోగ్యసంస్థ చెప్పుచున్నది. వారిలో రెండులక్షలకు మించినవారు అయిదేండ్లు నిండని పసివాండ్రు. 1709 నాఁటి పెనుచలికి ఫ్రాన్సు శోకించెను. ఇన్ని లక్షల మరణములు ఏఁటేఁట జరుగుచున్నను ఏ వీథిలోను శోకధ్వని వినఁబడదు. ఏలయన నవి పొయ్యిదగ్గఱ జరుగుచున్నవి.

ఇచట కొందఱు "గ్యాసు వచ్చినది గదా, ఎండుకట్టెను గూర్చి యిఁక నేల?" అనవచ్చును. గ్యాసు అందఱకును, అన్నినెలలును అందువఱకు కట్టె పొయ్యిలోనే యుండును. వేగముగా వచ్చు మేలుకొఱకు వేచియున్నవారిని నడుమ పొగలో నుంచుట న్యాయము గాదు. మఱియు నీ ప్రశ్న నడుగువారి యింట పొయ్యియొద్ద నూఁదువా రెవరును లేరని మా యనుమానము.

ఇంగ్లాండు దేశమున 2021 మే మొదటితేదీనుండి యొక నిబంధన యమలయ్యెను. రెండు ఘనమీటర్లకు లోఁబడిన చిన్నమొత్తములలో నమ్ము కట్టెలో నూటికి 20 పాళ్లకు మించి చెమ్మ యుండరాదు. పెద్దమొత్తములు కొనువారికి పచ్చికట్టె నమ్మవచ్చును గాని, దాని నెట్లు ఎండఁబెట్టవలెనో తెలుపు సూచనలతో నమ్మవలెను. గాలి చెడకుండుటకై చేసిన నిబంధన యిది. కాని యిందులోని సూక్ష్మమైన న్యాయమును చదువరులు గమనింపవలెను. చిన్నమోపు కొనువానికి ఎండఁబెట్టుకొనుటకు చోటును కాలమును లేవని యీ శాసనము గుర్తించినది. కావున నెండఁబెట్టు భారమును అమ్మువానిపైఁ బెట్టినది. పెద్దమొత్తము కొనువానికి చోటున్నది గనుక వానికి ఉపదేశము చాలునన్నది. లేనివానికి ఉపదేశమును, ఉన్నవానికి వస్తువును పంచు లోకమున నిది విపరీతమైన మంచి.

మన పంచాయతులును, స్త్రీసంఘములును, సహకార సంఘములును ఈపాటి పని చేయలేవా? గ్రామమున కొక రేకుపంచ. వేసవిలో చీల్చి పేర్చిన కట్టె. వానకాలమున మోపు లెక్కను, కొన్నవెలకే పేదయిండ్లకు పంపకము. దీనికి గొప్పశాస్త్రము అక్కఱలేదు, గొప్పధనమును అక్కఱలేదు. ఒక వేసవి ముందుగా ఆలోచించువా రుండవలెను. అమ్మువారి తూనికలో నీరెంతయో పరీక్షించు చిన్నయంత్రము నేఁడు సులభముగా దొరకుచున్నది; దానినొకదానిని అడితియొద్ద నుంచుట పెద్దకార్యము గాదు. అడవిలో రాలినచితుకు ఏఱుకొను నాఁడుదానిని దొంగగాఁ జూడక, అడవి తనకై యెండఁబెట్టినదానిని తాను తీసికొనుచున్నదని యధికారులు గ్రహించుట అన్నిటికంటె సులభము.

అన్నము తినునప్పుడు అది యుడికిన నిప్పును మనము తలఁపము. నిప్పును తలఁచినను దానిని ఊఁదినవారిని తలఁపము. ఈ వ్యాసమును చదివిన పురుషులు రానున్న వానకాలమునకు ముందు తమ యింట గాని, తమ యింట పనిచేయువారి యింట గాని పొయ్యిప్రక్కనున్న కట్టెముక్క నొకదానిని తీసికొని మఱియొకదానితోఁ దట్టి చూచెదరు గాక. ఖణిల్లుమని మ్రోగిన సరే. మొద్దుచప్పుడు వచ్చినచో, ఆ చప్పుడు చేయుచున్న ఫిర్యాదును వినవలసినవారు తామే యని యెఱుఁగుదురు గాక.